బావ వెనకున్న బీరువా

చనిపోయిన మూడు గంటల తరువాత కూడా అతను ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు.

పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. మౌస్ కింద పెట్టుకున్న చిన్న యంత్రం నిమిషానికోసారి దాన్ని కదుపుతూ ఉండటంతో, కంపెనీ వాళ్ళ కంటికి అతను ఒళ్ళు వంచి పనిచేస్తున్నట్టే కనిపించాడు. మేనేజర్ ఒకాయన "సూపర్ వర్క్!" అని మెసేజ్ కూడా పెట్టాడు. బల్లలు అద్దెకిచ్చే ఆ కో-వర్కింగ్ ఆఫీసులో, కాల్స్ మాట్లాడుకునే ఫోన్ బూత్ తుడవడానికి పనిమనిషి తలుపు తీసేదాకా అసలు సంగతి ఎవరికీ తెలియలేదు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. టేబుల్ మీద సగం తాగిన కాఫీ.

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని టీచర్ అనేవారు. ఈ ఉద్యోగంలోకి రాకముందు లెక్కల మాస్టారు.

"ఇప్పుడా కుర్చీలో నువ్వు కూర్చోవాలి," అన్నాడు చీఫ్.

ఎదురుగా ఏజెంట్ ఎలెవెన్ నిలబడి ఉన్నాడు. చీఫ్ అతనికి స్వయానా అక్క మొగుడు. డిగ్రీ అయ్యాక పనీపాటా లేకుండా తిరుగుతున్న బామ్మర్దిని చెయ్యి పట్టుకుని ఈ సర్వీసులోకి తెచ్చిన మనిషి. ఎలెవెన్‌కి తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే, టై కట్టుకోవడం నేర్పిందీ ఆయనే. ఆఫీసులో సార్, ఇంట్లో బావ. రెండు చోట్లా ఆయన మాటే వేదం.

"డిజిటల్ నోమాడ్ వీసా తెలుసుగా? ఉద్యోగం ఒక దేశంలో, మనిషి ఇంకో దేశంలో. చేతిలో ల్యాప్‌టాప్ ఉంటే చాలు, ఏడాదిపాటు అక్కడ కాపురం పెట్టొచ్చు. నీతో కలిపి మనవాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది ఈ వీసా మీదే ప్రపంచమంతా ఉంటారు. ఆ పేర్ల జాబితాని ఎవరో అమ్ముతున్నారు. కొనేది ట్రావెల్ డెస్క్."

పేరు వింటే టూర్ ప్యాకేజీలు అమ్మేవాళ్ళనుకుంటారు. గూఢచారుల్ని కొని, అమ్మి, అవసరమైతే మట్టుబెట్టే విదేశీ ముఠా అది.

"ఫైల్ ఆల్రెడీ వాళ్ళ దగ్గరుంది. దాన్ని తెరిచే పాస్‌వర్డ్ ఫైల్ ఇంకా చేరలేదు. గురువారం పది గంటలకి, టీచర్ పోయిన ఆఫీసులోనే అది చేతులు మారుతుంది. మారిందా, ముప్ఫై ఎనిమిది ఇళ్ళల్లో ఏడుపులే."

"అమ్మేదెవరు సార్?"

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. చూసినవాళ్ళు మళ్ళీ చూడకుండా ఉండలేని ముఖం.

"గులాబీ. ఆ ఆఫీసు నడిపేది తనే. డబుల్ ఏజెంట్. మూడేళ్ళుగా ట్రావెల్ డెస్క్‌లో ఉంటూ మనకి పనిచేసింది. ఇప్పుడెవరికి చేస్తోందో దేవుడికే తెలియాలి. ఏం చెప్పినా నమ్మకు. నేను డిప్లాయ్ అన్న క్షణం పని పూర్తిచెయ్."

"యెస్ సార్."

"జాగ్రత్త రా," అన్నాడు చీఫ్, ఈసారి బావ గొంతుతో.

బాంబులు విప్పిన చేతులకి వీసా ఫారం నింపడం కష్టమైంది. జీతం స్లిప్పులు, ఇన్సూరెన్స్, అద్దె ఒప్పందం. కౌంటర్‌లో గుమస్తా వేసినన్ని ప్రశ్నలు ఇంతవరకు ఏ శత్రువూ వేయలేదు. ఇతని మీద ఏ కేసూ లేదని పోలీసులు రాసిచ్చిన కాగితం చదువుకుని ఎలెవెన్‌కే నవ్వొచ్చింది. ఎక్కడి నుంచైనా పనిచేసుకోవచ్చని కంపెనీ ఇచ్చిన ఉత్తరం కింద బావ సంతకం ఉంది.

కంపెనీ దొంగదే గానీ పని దొంగది కాదు. వంటింటి మిక్సీలకి వాడకం సూచనలు రాయాలి. రోజూ ఉదయం తొమ్మిదిన్నరకి, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే స్టాండప్ కాల్, వీడియోలో. అందులో చీఫే టీమ్ లీడ్. "బ్లాకర్స్ ఏమైనా ఉన్నాయా?" అంటే పైకి పనికి అడ్డంకులేమిటని, లోపల వెంట ఎవరైనా పడుతున్నారా అని అర్థం. "డిప్లాయ్" అంటే లేపెయ్యమని. ఎవరు విన్నా మిక్సీల గొడవే అనుకుంటారు.

టెక్నికల్ విభాగం వాళ్ళు పవర్ బ్యాంక్ ఒకటి ఇచ్చారు. బటన్ నొక్కితే ఆ భవనంలో నెట్ నలభై సెకన్లు చచ్చిపోతుంది. రెండోసారి పనిచేయదు.

కో-వర్కింగ్ ఆఫీసు మూడంతస్తులు. పొడుగాటి బల్లలు, చెవులకి హెడ్‌ఫోన్స్, ఎవరి లోకం వాళ్ళది. ఎలెవెన్ పెంచుకున్న గడ్డం, చిరిగిన జీన్సుతో వాళ్ళలో కలిసిపోయాడు. నాలుగో రోజు కాఫీ మెషిన్ దగ్గర గులాబీ పక్కన వచ్చి నిలబడింది.

"మిక్సీల మీద మీ రచన బాగుంటోంది," అంది కప్పులోకే చూస్తూ. "టీచర్‌ని నేను చంపలేదు. అతను ఏ టైముకి ఏ బూత్‌లో ఉంటాడో తెలిసింది ఇద్దరికే. ఒకటి నేను. రెండు మీ టీమ్ లీడ్."

ఎలెవెన్‌కి ఒళ్ళు మండింది. "మా టీమ్ లీడ్ ఎనిమిది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు."

"అలాగా. చూసొచ్చారా?"

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది అనుకున్నాడు. ఆ మాట బావకి చెప్పనైనా చెప్పలేదు. అంత మంచి మనిషిని బాధపెట్టడం దేనికని.

గురువారం వచ్చింది. తొమ్మిదిన్నరకి ఎలెవెన్ మొదటి అంతస్తులో బూత్‌లోకి దూరి, హెడ్‌ఫోన్స్ ఒక చెవికే తగిలించుకున్నాడు. రెండో చెవి గదికి వదిలేయడం అతనికి పాత అలవాటు. తెరమీద బావ. వెనక ఎప్పటిలాగే పుస్తకాల బీరువా. కంప్యూటర్ పెట్టిన బొమ్మ కాబట్టి బావ తల తిప్పినప్పుడల్లా చెవి సగం పుస్తకాల్లో కలిసిపోతోంది.

"బ్లాకర్స్?"

"లేవు సార్."

"లైన్లోనే ఉండు. టైమ్ చూసి చెప్తా."

అంతలో పై అంతస్తులో ఎవరో డ్రిల్లింగ్ మెషిన్ ఆన్ చేశారు. వాటర్ ఫిల్టర్ బిగిస్తున్నారని పొద్దున నోటీసు అంటించారు. గోడలోంచి గర్ర్‌మని మోత. ఎలెవెన్ విసుక్కున్నాడు. ఆ విసుగు ముఖం మీదే ఆగిపోయింది.

అదే మోత హెడ్‌ఫోన్‌లోంచి కూడా వస్తోంది. ఒక క్షణం ఆలస్యంగా.

ఇక్కడ ఆగింది. అక్కడా ఆగింది. మళ్ళీ ఇక్కడ మొదలైంది. అక్కడా మొదలైంది.

డ్రిల్లింగ్ ఏ ఊళ్ళో లేదు, అక్కడ బావ ఆఫీసులోనూ చేస్తూ ఉండొచ్చు అని మనసు బతిమాలుకుంది. ఎలెవెన్ బల్ల కింద ఫోన్ తీసి, రిసెప్షన్ నంబర్‌కి గులాబీ పేరున మెసేజ్ పెట్టాడు.

"పైన ఎవరున్నారు?"

"మూడో అంతస్తు హాల్ యోగా క్లాసుకని బుక్ చేశారు. ముగ్గురు మగాళ్ళు. చాపలు తేలేదు."

"అక్కడ స్పీకర్ ఉందా?"

"ఆ హాల్లో మాత్రమే ఉంది."

"ఏదో ఒకటి అనౌన్స్ చెయ్. ఇప్పుడే."

బూత్‌లో ఏమీ వినిపించలేదు. హెడ్‌ఫోన్‌లో మాత్రం, పుస్తకాల బీరువా ముందు కూర్చున్న బావ వెనక నుంచి, గులాబీ గొంతు తియ్యగా పలికింది: "నీలం రంగు వాటర్ బాటిల్ ఎవరిదో రిసెప్షన్‌లో ఉంది. దయచేసి తీసుకెళ్ళండి."

బావ ఉలిక్కిపడి మ్యూట్ నొక్కాడు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళందరూ చేసే తప్పే. ఎప్పటిలాగే ఆలస్యంగా.

రెండు క్షణాలకి మ్యూట్ తీశాడు. "ఆఫీసులో ఏదో గోల. డిప్లాయ్ చెయ్. ఆవిడ రిసెప్షన్‌లోనే ఉంటుంది. వెంటనే."

ఎలెవెన్ తల ఊపాడు. "అలాగే సార్," అని కెమెరా ఆపేశాడు.

మెట్ల దగ్గర గులాబీ మంటలార్పే సిలిండర్ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఎత్తు మడమల చెప్పులు చేతిలో. మూడో అంతస్తుకి ముందు ఎక్కి, తన కార్డుతో హాల్ తలుపు తెరిచింది.

లోపల బోసి గోడ. బీరువా లేదు, పుస్తకాలు లేవు. పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరుతో బావ. పక్కన ట్రావెల్ డెస్క్ మనుషులిద్దరు. వాళ్ళ ల్యాప్‌టాప్ మీద పాస్‌వర్డ్ ఫైల్ అప్‌లోడ్ అవుతోంది. తొంభై మూడు శాతం. తొంభై ఆరు. తొంభై ఎనిమిది.

ఎలెవెన్ పవర్ బ్యాంక్ బటన్ నొక్కాడు.

తొంభై తొమ్మిది దగ్గర గీత ఆగిపోయింది. ముఠావాడు జేబులో చెయ్యి పెట్టేలోపు గులాబీ సిలిండర్ పొడి వాడి ముఖాన కొట్టింది. రెండోవాడి మణికట్టు ఎలెవెన్ చేతిలో విరిగింది. తుపాకీ దూరంగా తన్నేసి, ల్యాప్‌టాప్‌ని నేలకేసి కొట్టాడు. ఒకసారి చాలు. మూడుసార్లు కొట్టాడు.

"పైకెందుకొచ్చావురా?" అన్నాడు బావ, కబురు చెయ్యకుండా వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు.

"ఎందుకు బావా?"

"ఇరవై రెండేళ్ళు అందర్నీ విమానాలెక్కించాను. నేను మాత్రం కిటికీ లేని ఆ గదిలోనే. చివర్లో ఓ శాలువా కప్పి పంపిస్తారు. నాకూ ఓ వీసా కావాలనిపించింది. తప్పా?"

"జాబితాలో నా పేరుంది."

బావ కళ్ళు దించుకున్నాడు. "తీసేద్దామనే అనుకున్నా. ముప్ఫై ఎనిమిదని ముందే మాటిచ్చేశాను."

"టీచర్?"

"అనుమానపడ్డాడు. గులాబీ కూడా పడుతోంది. ఆవిణ్ణి తప్పించడానికి, ఎందుకని అడక్కుండా నా మాట వినే మనిషి కావాలి. అలాంటివాడివి నువ్వొక్కడివేరా."

ఎలెవెన్‌కి కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది. జాబితాలో పేరున్నందుకు కాదు. పదిహేనేళ్ళ నమ్మకం బావకి ఎందుకు పనికొచ్చిందో ఇప్పుడు తెలిసినందుకు. బావ చేతులకి సంకెళ్ళు వేస్తుంటే ఆయనే మణికట్లు దగ్గరగా పెట్టి, "ఇంకాస్త బిగించు, నేర్పాను కదా," అన్నాడు. ఎలెవెన్ బిగించలేదు.

మధ్యాహ్నానికి బావనీ, ఆ ఇద్దరినీ కార్లలో ఎక్కించి తీసుకెళ్ళారు. మిగతా ముప్ఫై ఏడుగురూ ఎక్కడివాళ్ళక్కడ, ఏమీ తెలియకుండా, తమ తమ ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుని ఉన్నారు. గులాబీ రెండు కాఫీలు తెచ్చి ఒకటి అతని ముందు పెట్టింది.

"ఇంట్లో ఎవరు చెప్తారు?"

"నేనే చెప్పాలి."

అక్కకి ఇద్దరి ఉద్యోగమూ తెలుసు. ఎక్కడికి వెళ్తున్నారని మాత్రం ఎప్పుడూ అడగదు. మొన్న బావ ట్రైనింగ్ క్యాంప్‌కని చెప్పి బయల్దేరితే, చలి చోటేమోనని స్వెట్టర్ సర్ది పంపింది. ఎలెవెన్ అక్కకి ఫోన్ చేసి ఏదీ దాచలేదు. శత్రువుల ముందు గంటలకొద్దీ అబద్ధాలాడిన నోటికి ఆ నాలుగు వాక్యాల నిజం చెప్పడానికి చాలాసేపు పట్టింది.

అవతల అక్క స్టవ్ ఆపేసిన చప్పుడు వినిపించింది.

"నీకు దెబ్బలేం తగల్లేదు కదా?" అంది అక్క.

"లేదక్కా."

"మీ బావకి?"

"లేదక్కా. గీత కూడా పడకుండా చూసుకున్నా."

అక్క ముక్కు చీదుకున్న శబ్దం వినిపించింది.

"ఒక్కటైనా పడనివ్వాల్సిందిరా."