పాట ఆగిన చోటు

సారలమ్మ కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగి ఒక రాత్రి గడిచింది. కొన్నాళ్లు టీవీ చూడవద్దని డాక్టరు చెప్పడంతో, వరంగల్ శివనగర్‌లోని ఆ ఇంట్లో ఆమెకు కాలక్షేపం పాటలే అయ్యాయి. పరకాల నుంచి వచ్చిన కూతురు సుభాషిణి కొన్ని పాటలు ఏరింది. తమ్ముడు మహిపాల్ వాటిని తను ఏరిన పాటలతో కలిపి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు.

పొద్దున చాయ్ తాగాక సుభాషిణి స్పీకర్ పెట్టింది. మొదటి పాట తమ్ముడిది. తర్వాతివీ అతనివే. అయిదో పాట సగంలో తల్లి గురక మొదలైంది. మధ్యాహ్నమూ అదే తంతు. స్పీకర్ కట్టేస్తే మళ్లీ మొదటి పాటతోనే మొదలవుతుంది. తల్లి మళ్లీ అక్కడికే నిద్రపోతుంది. తన పాటల వంతు ఎన్నటికీ రాదని సుభాషిణికి తేలిపోయింది.

“ఏందిరా మహీ, నీ పాటలన్నీ ముంగట, నాయన్నీ ఎనుక. అమ్మ నాయి ఇంటదా?”

“ఎవలియి ముందైతేంది అక్కా? జర సల్లవడు.”

“చిన్నప్పుడు క్యాసెట్ నింపిచ్చినప్పుడూ గంతే. ఫస్టు సైడు నీది, రెండో సైడు నాది. పెద్దదాన్ని నేను.”

“సరే, నీయే ముందు వెడ్త. అప్పుడు అమ్మ నాయి ఇనది. గది న్యాయమేనా?”

ఆ ప్రశ్నలో తర్కం ఉంది. తర్కం ఉన్నంత మాత్రాన నొప్పి తగ్గదు. సుభాషిణి లేచి సంచిలో చీరలు కుక్కసాగింది.

“సాయంత్రం బస్సుకు నేను పోత. నీ పాటలు నువ్వే ఇనిపియ్యి.”

“ఆ క్యాసెట్‌కు ఫస్టు సైడు ఏదో నాకు ఇప్పటికీ తెల్వది,” అంది మంచం మీది నుంచి సారలమ్మ.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆమె ఎప్పుడు మేల్కొన్నదో ఎవరూ గమనించలేదు.

“నేనెన్నడన్న దాన్ని ఎనుకకు తిప్పిన్నా? వంట చేస్కుంట పెట్టేదాన్ని, వంటయినంక బంద్ చేసేదాన్ని. తెల్లారి మళ్ల ఆగిన కాడి నుంచే. ఒక దిక్కు అయిపోతె ఇంకో దిక్కు. వీని పాటల ఎనుక నీయి, నీ పాటల ఎనుక వీనియి. దానికి మొదలేడిది, ఆఖరేడిది? ఈ డబ్బకే మాటిమాటికి మొదటికి పోయే రోగం.”

చిన్ననాటి నుంచి సుభాషిణి మోస్తున్న ఆ రెండో స్థానం తల్లి చెవుల్లో ఏనాడూ లేదు.

“ముక్కు ఎగబీలుస్తున్నవేందే? ఆపరేషన్ నాకు, నీకు గాదు.”

మహిపాల్ నవ్వాపుకుంటూ తల గోక్కున్నాడు. “కట్టెయ్యకుంట, అమ్మ ఏడ పండుకుంటె ఆడ్నే ఆపి పెట్టాలె. ఎవలన్న పక్కన కూసోవాలె అక్కా. కావాల్నంటె వరస మారుస్త.”

“వరస అట్లనే ఉండనీ. కూసునేది నేను,” అని సుభాషిణి సంచిని మంచం కిందికి తోసేసింది.

సాయంత్రం మళ్లీ తమ్ముడి పాట మధ్యలోనే తల్లి నిద్రలోకి జారింది. పాటను ముందుకు జరిపే మీట నొక్కుకుంటూ పోతే తన పాటల దగ్గరికి చేరవచ్చు. సుభాషిణి ఆపే మీట మాత్రమే నొక్కి, స్పీకర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకు సారలమ్మ కదిలింది. చేత్తో తడుముతూ కూతురి మోకాలు పట్టుకుంది.

“యాడున్నమే?”

“నువ్వు పండుకున్న కాడ్నే ఉన్నమమ్మా,” అని సుభాషిణి మీట నొక్కింది. తమ్ముడి పాట సగం చరణం నుంచి అందుకుంది.