బేస్‌మెంట్‌లో బార్లీ నీళ్లు

మంచు కరిగేందుకు భీమశంకరం డ్రైవ్‌వే మీద ఉప్పు చల్లుతున్నాడు. ముందు రేణు పారతో మంచు పక్కకి తోస్తుంటే, ఆయన ఆమె వెనకే నడుస్తూ, నారుమడిలో విత్తనాలు జల్లినట్టు పిడికిలి విదిలిస్తున్నాడు. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ ఆదివారం ఉదయం వీధంతా అదే పని జరుగుతోంది.

భీమశంకరం చాలాకాలం ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేశాడు. రిటైరయ్యాక ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ లైసెన్స్ తీసుకుని, ఇంటి ముందు గదినే ఆఫీసుగా మార్చాడు. రేణు ఆయన అసిస్టెంట్. ప్రతి కేసులోనూ ఆయన కంటే ముందే దోషి ఎవరో చెప్పేయాలని ఆమెకి కోరిక. ఇప్పటివరకూ కుదరలేదు. అందుకు ఆమెకి బాధ కూడా లేదు.

ఒక నీలం రంగు కారు వచ్చి ఉప్పు చల్లని చోట ఆగింది. అందులోంచి దిగిన అమ్మాయి కోటు బొత్తాలు కూడా పెట్టుకోలేదు.

"శంకరం అంకుల్ మీరేనా? పోలీసుల దాకా పోకుండా కేసులు చూస్తారట కదా?"

"చూస్తానమ్మా. జాగ్రత్త, అక్కడ జారుతుంది. లోపలికి రా."

ఆమె పేరు జాహ్నవి. భర్త విశ్వనాథ్ కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. ఇంట్లో బీరు కాయడం అతని సరదా. బేస్‌మెంట్‌లో బకెట్లు, గొట్టాలు, సీసాలు పెట్టుకుని, ఊళ్లో బీరు కాచేవాళ్ల క్లబ్బులో మెంబరయ్యాడు. ఈసారి క్లబ్బు పోటీకి నారింజ తొక్కలు, ధనియాలు వేసి గోధుమ బీరు కాచాడు.

"గురువారం సీసాల్లో పోసేముందు ఒక గ్లాసు రుచి చూశారంకుల్. ఒకటే పులుపట. రాత్రంతా వాంతులు. పొద్దున్నే బేస్‌మెంట్ చెత్తబుట్ట అడుగున లాబ్‌లో వాడే రంగు కాగితాలు దొరికాయి. మా తమ్ముడు యాసిడ్ కలిపాడంటున్నారు."

"సొంత తమ్ముడా?"

"మా పిన్ని కొడుకు. లోకేష్. కెమికల్ ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. మా బేస్‌మెంట్ గదిలోనే ఉంటాడు. రేపు పోలీస్ కంప్లయింట్ ఇస్తానంటున్నారు మావారు. వాడు ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడంకుల్. కేసంటూ పడితే చదువు, వీసా, అన్నీ పోతాయి."

"తమ్ముడేమంటున్నాడు?"

"విషం కలపలేదక్కా అన్నాడు. అంతే. ఇంకేం అడిగినా తల దించుకుంటాడు. నాకు అదే భయంగా ఉంది."

భీమశంకరం ఉప్పు డబ్బాకి మూతపెట్టి రేణు వైపు చూశాడు. ఆమె అప్పటికే కారు తాళాలు తీసుకుంది.

*

విశ్వనాథ్ మొహం ఇంకా పీక్కుపోయి ఉంది. అయినా బేస్‌మెంట్ మెట్లు చకచకా దిగాడు. కింద ఒక మూల తెల్లటి ప్లాస్టిక్ బకెట్, దాని అడుగున చిన్న కుళాయి. పక్కనే హీటర్ మీద మడతపెట్టిన గోధుమరంగు ఉన్ని శాలువా.

"ముట్టుకోకండి సార్. అది ఎవిడెన్స్" అన్నాడు విశ్వనాథ్.

"చేతులు జేబులోనే ఉన్నాయి బాబూ. మీకూ లోకేష్‌కీ గొడవేమైనా ఉందా?"

"గొడవంటే, ఏదో జోక్ చేశాను. ఫ్రెండ్స్ వచ్చినప్పుడు 'వీడు మా బేస్‌మెంట్ వాచ్‌మన్' అన్నాను. దానికే మొహం మాడ్చుకున్నాడు."

"ఒక్కసారంటే ఎవరూ మాడ్చుకోరు. వచ్చిన ప్రతివాళ్ల ముందూ అదే జోకు" అంది జాహ్నవి మెట్ల మీద నుంచి.

"నువ్వాగు. సార్, వాడు లాబ్‌లో పనిచేస్తాడు. యాసిడ్ వాడికి మంచినీళ్లతో సమానం."

"బీరు కాచిన రోజు ఏం జరిగిందో చెప్పండి."

"గోధుమ, బార్లీ మాల్ట్ రసం తీసి మరిగించాను. నారింజ తొక్కలు, ధనియాలు వేశాను. చల్లార్చి బకెట్‌లో పోశాను. ఇక ఈస్ట్ వెయ్యాలి, అదే దాన్ని బీరు చేసేది. సరిగ్గా అప్పుడు ప్లాంట్‌లో ప్రొడక్షన్ లైన్ ఆగిందని కాల్ వచ్చింది. వెళ్లక తప్పలేదు. అక్కణ్నుంచి ఇంటికి ఫోన్ చేసి, లోకేష్ రాగానే వెయ్యమని చెప్పాను."

"లోకేష్‌తోనే చెప్పారా?"

"లాబ్‌లో వాడు ఫోన్ ఎత్తడు. ఇంటి ఫోన్‌కి చేస్తే అమ్మ ఎత్తింది. అమ్మ ఈమధ్యే ఇండియా నుంచి వచ్చింది."

"ఈస్ట్ అంటే ఆవిడకి అర్థమవుతుందా?"

విశ్వనాథ్ నవ్వాడు. "ఈస్ట్ అనం సార్. అమ్మ ముందు 'తోడు' అంటాం. అది మా కోడ్. నేను అసలు తాగననే అమ్మ అనుకుంటుంది. ఇదంతా బార్లీ నీళ్లని చెప్పాం. ఒకప్పుడు నాకు కిడ్నీలో రాయి వచ్చింది లెండి, నమ్మేసింది. నారింజ తొక్కలు ఎండబెట్టింది తనే. ధనియాలు కచ్చాపచ్చాగా దంచిందీ తనే. ఏదో మంచి కషాయం అనుకుంటోంది."

రేణు నవ్వబోయి, భీమశంకరం నవ్వకపోవడం చూసి ఊరుకుంది.

"మరి ఆ రోజు ఈస్ట్ పడిందా?"

"పడింది. నేను వచ్చేసరికి ఈస్ట్ సీసా కడిగి బోర్లించి ఉంది. చలికి చల్లారిపోకుండా బకెట్‌కి శాలువా కూడా చుట్టాడు. పర్లేదే, బుద్ధిమంతుడే అనుకున్నా. చూశారుగా!"

బేస్‌మెంట్ అవతలి చివర చిన్న గదిలో లోకేష్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. సూట్‌కేసు సర్ది, తాడు కూడా కట్టేశాడు.

"ఈస్ట్ వేసింది నువ్వేనా బాబూ?"

"అవును సార్."

"శాలువా చుట్టింది?"

లోకేష్ మెట్ల వైపు చూశాడు. "నేనే."

"ఆ రంగు కాగితాలు?"

"నావే. పులుపు ఎంతుందో చూద్దామని."

"ఎప్పుడు చూశావు?"

"ఈస్ట్ వేసినరోజే. వేసేముందు."

"అప్పుడే కాచి చల్లార్చిన రసం. ఇంకా పులవడానికి టైమే లేదు కదా. అందులో పులుపు వెతకాల్సిన అవసరమేమొచ్చింది?"

లోకేష్ సూట్‌కేసు తాడు ముడి విప్పాడు, మళ్లీ వేశాడు. "నేను విషం కలపలేదు సార్. అంతకంటే నన్నడక్కండి. ప్లీజ్."

మెట్లెక్కుతూ రేణు గొంతు తగ్గించి అంది: "సార్, అతను అబద్ధం చెప్తున్నాడు."

"చెప్తున్నాడు. కానీ ఆ అబద్ధం వల్ల అతనికేం లాభమో నాకు కనపడటం లేదు. నీకు కనపడుతోందా?"

వంటింట్లో విశ్వనాథ్ తల్లి అన్నపూర్ణ ఓవెన్ తలుపు తీస్తోంది. వంట వాసన లేదు, లోపల లైటు మాత్రం వెలుగుతోంది. చీర మీద స్వెట్టరు, కాళ్లకి మేజోళ్లు వేసుకున్న ఆవిడ లోపలి నుంచి ఒక గిన్నె తీసింది. దానికి నల్లటి మఫ్లరు చుట్టి ఉంది.

"రండి అన్నయ్యగారూ, కూర్చోండి. మజ్జిగ ఇస్తానుండండి. ఈ ఊరి చలికి పెరుగు పేరుకోదు. ఇలా పసిపిల్లకి చుట్టినట్టు చుట్టి, ఇందులో లైటేసి పెడితేగానీ లేదు."

"ఎవరు నేర్పారమ్మా ఓవెన్ సంగతి?"

"లోకేష్. మొన్నామధ్య స్టీలు గిన్నె ఆ మైక్రోవేవ్‌లో పెట్టాను. టపటపా మెరుపులొచ్చాయి. మావాడు ఇల్లెగిరిపోయేలా కేకలేశాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అప్పట్నుంచి ఏది ముట్టుకోవాలన్నా లోకేష్‌నే అడుగుతాను." ఆవిడ గ్లాసు చేతికిచ్చి, మెట్ల వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ పిల్లాడు పెట్టె సర్దుకున్నాడేమిటండీ? నాకెవరూ చెప్పరు. నేను రాగానే అందరూ ఇంగ్లీషులోకి దిగిపోతారు."

భీమశంకరం మజ్జిగ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "అమ్మా, బేస్‌మెంట్‌లో ఒక శాలువా చూశాను. గోధుమ రంగుది" అన్నాడు.

"నాదే. కాశీలో కొన్నది. ఇంకా అక్కడే ఉందా? తెచ్చుకోవడమే మర్చిపోయాను."

*

ఆయన అందరినీ హాల్లో కూర్చోమన్నాడు. లోకేష్‌ని కూడా పైకి పిలిపించాడు. అతను వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అన్నపూర్ణ సోఫా అంచున కూర్చుంది.

భీమశంకరం ఒక్కడే కిందికి వెళ్లి, బకెట్ కుళాయి నుంచి గ్లాసు నింపుకుని వచ్చాడు. మబ్బు పట్టినట్టున్న లేత పసుపు రంగు. నారింజ వాసన హాలంతా పాకింది.

"సార్! తాగకండి!" విశ్వనాథ్ లేచాడు.

భీమశంకరం గ్లాసు సగానికి తాగేశాడు. ఆయన మూతి తుడుచుకున్నాడు.

"యాసిడ్ ఉన్నమాట నిజమే. కానీ అది లాబ్‌లో తయారైంది కాదు. ఈ ఇంట్లో అందరూ రోజూ అన్నంలో కలుపుకునేదే. మీరు ఖాళీ కడుపుతో మడ్డి సహా ఒక గ్లాసు తాగేసి, పైగా ఏదో కలిసిందని హడలిపోయారు. కడుపు తిరగబడింది. అంతే."

"అన్నంలో కలుపుకునేదేంటి సార్?"

"చెప్తాను. దానికి ముందు ఒక పని మీరు చెయ్యాలి. ఈ గ్లాసులో ఉన్నదేమిటో అమ్మగారికి చెప్పండి. అది తెలియకుండా మిగతాది ఆవిడకి అర్థం కాదు. నేను చెప్పడం బాగుండదు."

విశ్వనాథ్ గ్లాసు వైపు, భార్య వైపు చూశాడు. జాహ్నవి కళ్లు తిప్పుకోలేదు.

"బార్లీతో చేసిందే అమ్మా" అన్నాడు చివరికి.

"అది నాకు తెలుసుగా."

"బార్లీ నీళ్లు కాదు. బీరు."

అన్నపూర్ణ చీర కొంగు భుజం మీదకి సర్దుకుంది.

"అమ్మా, అబ్బాయి ఆ రోజు ఫోన్లో మీతో ఏమన్నాడో గుర్తుందా?" అడిగాడు భీమశంకరం.

"ఎందుకు లేదు? 'కింద బకెట్‌లో చల్లార్చి పెట్టాను, లోకేష్ వస్తే తోడు వెయ్యమను' అన్నాడు. లోకేష్ ఎంతకీ రాలేదు. తోడు వెయ్యడానికి ఆ పిల్లాడెందుకు, నేను లేనా అనుకున్నాను. వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది. రెండు గరిటెల పెరుగు వేసి కలిపాను. చలికదా అని నా శాలువా చుట్టాను. గంజిలో పెరుగేసి పులవబెడితే ఒంటికి చలవ. మా ఇంట్లో ఎప్పుడూ చేసేదే."



"తర్వాత లోకేష్ వచ్చాడు" అన్నాడు భీమశంకరం. "తోడు వేసేశాను బాబూ, నువ్వు తిను అని ఆవిడే చెప్పి ఉంటారు. ఇతను కిందికి పరిగెత్తాడు. పెరుగు ఎంత పులుపు ఎక్కించిందో చూడటానికి లాబ్ కాగితాలు ముంచాడు. అందుకే పులియకముందే పులుపు వెతికాడు. చెడిపోకుండా ఆపుదామని ఈస్ట్ కూడా పోశాడు. అయినా పెరుగే గెలిచింది. శాలువా కూడా నేనే చుట్టానన్నాడు. అది అన్నపూర్ణమ్మగారి కాశీ శాలువా అని తెలిశాక నాకు దారి దొరికింది. తన తప్పు దాచుకునేవాడు ఇంకొకరి పని తనమీద వేసుకోడు. పైన మఫ్లరు చుట్టిన పెరుగు గిన్నె చూశాక, కింద బకెట్‌కి అలా ఎవరు చుడతారో వేరే చెప్పక్కర్లేదు."

"ఇదంతా నాతో చెప్పొచ్చు కదరా!" అన్నాడు విశ్వనాథ్.

లోకేష్ మొదటిసారి తల ఎత్తాడు. "ఎలా చెప్పను బావా? గిన్నె మైక్రోవేవ్‌లో పెట్టినందుకే అత్తయ్య మీద అంత అరిచావు. ఇది చెప్తే ఊరుకుంటావా? తర్వాత నువ్వు విషమన్నావు. అప్పుడు చెప్తే తప్పించుకోవడానికి పెద్దావిడ మీదకి నెట్టాననేవాడివి."

విశ్వనాథ్ సోఫాలో వెనక్కి జారాడు. "సరే. కంప్లయింట్ ఇవ్వను. అయిపోయింది కదా."

"అవలేదు" అంది జాహ్నవి. "మీరు నిన్న ఫోన్లో ఎవరితో మాట్లాడారు? నేను విన్నాను."

విశ్వనాథ్ తల తిప్పుకున్నాడు. "వాడి ప్రొఫెసర్‌తో" అన్నాడతను. "లాబ్ నుంచి కెమికల్స్ తెస్తున్నాడని చెప్పాను. రేపు వీణ్ని ఆఫీసుకి పిలుస్తానన్నాడు."

లోకేష్ గోడకి ఆనుకున్నవాడు అలాగే కిందికి జారి కూర్చున్నాడు. "నా ఫండింగ్ ఆయన చేతిలోనే ఉంది అక్కా" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

అన్నపూర్ణ లేచింది. వెళ్లి కొడుకు ముందు నిలబడింది.

"ఆ మేష్టారు ఇవాళ ఎక్కడుంటారు?"

"ఆదివారం కూడా లాబ్‌లోనే ఉంటారు అత్తయ్యా" అన్నాడు లోకేష్. "అరగంట దూరం."

"నేను ఫోన్ చేసి చెప్తాలే అమ్మా" అన్నాడు విశ్వనాథ్.

"ఫోన్లో నువ్వు చెప్పిన మాట ఎక్కడికి పోయిందో చూశాంగా. వెళ్లి మొహం చూపించి చెప్పు. మా అమ్మ పెరుగు వేసిందని చెప్పు. ఎందుకు వేసిందని అడుగుతాడు. 'అమ్మకి నేను అబద్ధం చెప్పాను, అందుకు వేసింది' అని చెప్పు. నువ్వు తాగుతావని కాదురా నా బాధ. నీ అబద్ధం నేను మోస్తాను, నా కొడుకువి. ఆ పిల్లాడెందుకు మోయాలి?"

విశ్వనాథ్ కూర్చున్నచోటే ఉండిపోయాడు. తెలియని ఒక అమెరికన్ ముందు నిలబడి, తోడు గురించీ, పెరుగు గురించీ, తనకంటే పదేళ్లు చిన్నవాడి మీద తాను చేసిన నేరారోపణ గురించీ చెప్పుకోవడం ఎలా ఉంటుందో అతను ఆలోచిస్తున్నట్టు రేణుకి అనిపించింది. భీమశంకరం తన టోపీ చేతిలోకి తీసుకున్నాడు గానీ కదల్లేదు.

విశ్వనాథ్ లేచాడు. వాకిలి పక్కన మేకుకి ఉన్న కారు తాళాలు తీసుకున్నాడు. లోకేష్ ముందు ఒక క్షణం ఆగాడు. తర్వాత కోటు చేతిలోనే పట్టుకుని, తలుపు తీసి, ప్రొఫెసర్ లాబ్‌కని మంచులోకి వెళ్లిపోయాడు.