కుళాయి చప్పుడు

ఆ పొద్దున పాలింకా పొయ్యి మీదే ఉన్నాయి, మామగారి గొంతు మాత్రం అప్పుడే మరిగిపోయింది. ఉద్యోగమంతా బస్సు నడిపిన మనిషి. రిటైరయ్యాక బస్సుని డిపోవాళ్లు తీసేసుకున్నారు గానీ, హారన్ మాత్రం ఈయన దగ్గరే వదిలేశారు.

“మూడేళ్ల పిల్లాడికి మనసేమిటమ్మా, దానికో క్లాసేమిటి?”

“క్లాసు వాడొక్కడికే కాదు మామయ్యా, మనక్కూడా. చిన్నప్పుడు భయం లేకుండా పెరిగితే, పెద్దయ్యాక మనసు కుంగిపోయే బాధలు తగ్గుతాయని పిల్లల కేంద్రంలో మేడమ్ చెప్పింది. ఇంట్లో అందరికంటే గట్టిగా అరిచేవాళ్లు తప్పకుండా రావాలట. రాకపోతే సీటివ్వరు. ఇవాళే ఆఖరు,” అంది కోడలు.

“ఈ ఇంట్లో అరిచేదెవరు?” అని ఆయన అరిచాడు. పక్కింటి కిటికీ తెరుచుకుంది. “నీ మొగుణ్ణి ఏ క్లాసుకీ వెళ్లకుండానే పెంచాను. నిక్షేపంలా ఉన్నాడు! కావాలంటే వాణ్ణే అడుగు!”

నిక్షేపంలాంటి కొడుకు బాత్రూంలో ఉన్నాడు. ఎవరి గొంతు లేచినా అతనికి స్నానం గుర్తొస్తుంది. ఆఫీసులో మేనేజరు కసిరినా అంతే, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోతాడు. అక్కడ అంత శుభ్రమైన గుమాస్తా ఇంకొకడు లేడు.

“పోనీ, పిల్లాణ్ణే అడుగుదాం,” అంటూ మామగారు చుట్టూ చూశాడు. పిల్లాడు లేడు. మంచం కిందా లేడు, తలుపు వెనకా లేడు.

కోడలు ఓరగా ఉన్న బాత్రూం తలుపు తోసి చూస్తే, కుళాయి ధారగా పోతోంది. బోర్లించిన పెద్ద బకెట్ మీద తండ్రి, చిన్న బకెట్ మీద పిల్లాడు. ఇద్దరూ చెవులు మూసుకుని ఉన్నారు.

“నాన్నా, తాత అరవడం అయిపోయిందా?”

“ఇంకొంచెంసేపు కూర్చుందాం కన్నా.”

మామగారు గుమ్మం పట్టుకుని ఆ రెండు బకెట్ల వైపూ మార్చి మార్చి చూశాడు. చిన్నప్పుడు తన కొడుకు గంటలకొద్దీ స్నానం చేస్తాడని వీధంతా గొప్పగా చెప్పుకున్నాడు. శుభ్రత అనుకున్నాడు పిచ్చి మారాజు.

మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ తడి గచ్చు మీద చతికిలబడ్డాడు.

“ఆ క్లాసులో ఏం చెప్పమంటారమ్మా?” అన్నాడు చిన్నగా.

“తప్పు వాడిది కాదని చెప్పమంటారు మామయ్యా.”

“నీ తప్పేం లేదురా బంగారం. అరిచింది నేను,” అన్నాడు మనవడితో. తర్వాత తల మెల్లగా పెద్ద బకెట్ వైపు తిప్పాడు. “నీక్కూడా అదే మాటరా.”

కొడుకు చెయ్యి చాపి కుళాయి కట్టేశాడు. అప్పుడు గానీ అతను ఏడుస్తున్నట్టు ఎవరికీ వినపడలేదు.

మామగారు కండువాతో ముందు కొడుకు మొహం తుడిచి, తర్వాత తన కళ్లు తుడుచుకున్నాడు.

“అమ్మాయ్, ఇంత పెద్ద పిల్లల్ని కూడా చేర్చుకుంటారేమో కనుక్కో. నేనే తీసుకొస్తాను.”