పక్కవాళ్లకి సెగ తగలకూడదు

కాఫీ మెషీన్ దగ్గర కణాలమ్మ కనిపించగానే, పెన్నుబాబు సగం నిండిన కప్పు వదిలేసి దెయ్యాన్ని చూసినవాడిలా వెనక్కి తిరిగాడు.

"కప్పు మర్చిపోయారు సార్," అందామె. మొన్నటిదాకా ఆ సార్‌ని "ఒరేయ్" అనేది.

"నువ్వు తాగెయ్," అని గోడతో చెప్పి వెళ్లిపోయాడు.

వెళ్లిందెక్కడికి? లెక్కల మేడమ్ గదికి. అద్దాల తలుపు వెనక ఇద్దరూ ఒకటే నవ్వులు. కణాలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ ల్యాబ్‌లో మూలకణాలు పెంచేది కణాలమ్మ. పెన్నులాంటి పరికరంతో క్యాన్సర్ కణాల మీద ఊదా వెలుగు పట్టేది పెన్నుబాబు. అది కోల్డ్ ప్లాస్మా, వేలు పెట్టినా కాలదు. దాంతో క్యాన్సర్ కణాలు చస్తాయని ముందే తేలింది. పక్కనున్న మంచి మూలకణాలకి సెగ తగులుతుందా అన్నదే ఇప్పుడు తేలాలి. ఏ డిష్‌కి వెలుగు పట్టారో చచ్చిన కణాల్ని లెక్కపెట్టే కణాలమ్మకి తెలియకూడదు. తెలిస్తే కన్ను పక్షపాతం చూపిస్తుంది. ఆ గుట్టు పెన్నుబాబుదీ, ఫలితాల లెక్కలు తేల్చే మేడమ్‌దే.

ఫలితం బాగుంటే రెండో దశ. అంటే లెక్కల మేడమ్ ఇంకో ఏడాది ఇక్కడే. బాగోకపోతే నెలాఖరుకి టాటా.

కణాలమ్మ మైక్రోస్కోప్‌లోకి వంగింది. చచ్చిన కణం నీలిరంగు తాగేస్తుంది, బతికున్నది దగ్గరికి రానివ్వదు. "చావండర్రా," అని గొణిగి నాలిక్కరుచుకుంది. చంటిపిల్లల్లా పెంచినవి మరి.

చివరి డిష్‌లో ఒక మూలంతా లేత నీలం. చావా, మిగిలిపోయిన రంగా? చచ్చాయని రాసేస్తే అడిగే నాథుడు లేడు. అది వెలుగు పట్టిన డిషే అయితే మేడమ్ పెట్టె సర్దుకుంటుంది.

చేయి లేవలేదు. డిష్ కడిగి మళ్లీ చూసింది. రంగు పోయింది. పిల్లలు నిక్షేపంగా ఉన్నారు. ఏడుపు మొహంతో అదే రాసింది.

మర్నాడు మీటింగ్‌లో లెక్కల మేడమ్ గుట్టు విప్పింది. "వెలుగు పట్టినవాటిలోనూ, పట్టనివాటిలోనూ మూలకణాలు దాదాపు సమానంగా బతికాయి. ఈ మోతాదు వరకూ భయం లేదు." తర్వాత కణాలమ్మ వైపు తిరిగింది. "ఇక ఈ మహానుభావుణ్ణి నువ్వే భరించమ్మా. తను తిందా, కోపంగా ఉందా అని రోజూ నా ప్రాణం తోడేస్తున్నాడు."

అందరూ వెళ్లాక పెన్నుబాబు కుర్చీ అంచున కూర్చున్నాడు. "నాకు అబద్ధం రాదని తెలుసుగా. డిష్‌ల సంగతి నా మొహంలో చదివేస్తావని..."

"మాస్క్ పెట్టుకోవచ్చుగా."

"కళ్లు కనిపిస్తాయి."

"ముందే చెప్పి ఏడవొచ్చుగా."

"చెబితే మాట్లాడినట్టేగా." కుర్చీ అంచు గోకుతూ అన్నాడు, "నువ్వంటే ఇష్టం. అది తెలిస్తే నాకు అనుకూలంగా లెక్కపెడతావేమోనని అదీ దాచాను."

"అనుకూలంగానా? నీ మీద కోపంతో అన్నిటినీ చంపేద్దామనుకున్నా."

అతని మొహం పాలిపోయింది. "మరి చంపలేదేం?"

"బతికున్నవాటిని ఎలా చంపను?" ఆమెకి నవ్వొచ్చేస్తోంది. "రెండో దశ ఎప్పుడు?"

"సోమవారం."

"ఈసారి పెన్ను నాది, లెక్క నీది. మేడమ్ గదిలో కూర్చుని నేను నవ్వుతా. నువ్వు అద్దంలోంచి చూస్తూ ఉడుకు."

"అంటే మనం మాట్లాడుకోకూడదా?"

"సోమవారం దాకా టైముందిగా," అంది కణాలమ్మ, కుర్చీ దగ్గరికి లాక్కుని. "మొదలెట్టు."