నిండకూడని మీటరు

పెబ్బేరు సంతలో ఎడ్ల బేరం నోటితో జరగదు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లతో ధర చెప్పుకుంటారు. యేసుబాబు తువ్వాలు కింద చెయ్యి పెట్టినప్పుడు సమీనా వేళ్లకు తగిలింది ధర కాదు. తడి. రక్తం.

అంతకు ముందే కోడ్ సరిపోయింది. పాల వ్యాపారానికి బర్రెలు కొనే మనిషిలా బుర్ఖాలో వచ్చిన ఆమె, "ఈ కోడె ఏరు ఈదుతదా?" అని అడిగింది. "ఏరు ఈదుతది. సముద్రమైతే తెల్వదు," అన్నాడతను. మాట తడబడింది. భయమనుకుంది ఆమె. జనంలో ఎవరో సన్నటి కత్తి దింపి పోయారని, ఇంతసేపూ అతను కోడెను ఆనుకుని నిలబడ్డాడని అప్పుడు అర్థమైంది.

"పడవల ట్యాంకులున్నయక్కా," అన్నాడు యేసుబాబు. "అంత విషమే. చందా టార్గెట్ నిండంగనే తెరుచుకుంటయ్. వైరు పీకినా గంతే. నేనే బిగించిన."

"ఆపేదెట్ల?"

"నిండొద్దు."

ఆ తర్వాత అతను కోడె మెడ మీదుగా జారిపోయాడు. చుట్టూ జనం మూగారు. ఏజెంట్ అన్నవాళ్లు అక్కడ ఆగకూడదు. సమీనా అతని కళ్లు కూడా మూయకుండా, రక్తం అంటిన చేతిని బుర్ఖా మడతల్లో దాచుకుని, బర్రెల మధ్య నుంచి నడిచి వెళ్లిపోయింది. జీపు ఎక్కి గద్వాల దారి పట్టింది.

గద్వాలలో ఒక చీరల దుకాణం మీది అంతస్తు వాళ్ల సేఫ్ హౌస్. కింద బేరాలు, పైన వైర్‌లెస్ సెట్లు. సమీనా చీఫ్ వెంకటన్న ఆమె చేతి వంక చూశాడు. నీళ్ల చెంబు అందించాడు.

కేసు ఆమెకు తెలిసిందే. దేశంలోని యూట్యూబర్లు, రీల్స్ చేసేవాళ్లు వందల మంది కలిసి 'మన సముద్రం' పేరుతో చందాలు పోగుచేస్తున్నారు. సముద్రంలో పేరుకున్న ప్లాస్టిక్ తీయించడం ఒక పని. దొంగతనంగా చెత్త పారబోసే ఓడలను శాటిలైట్‌తో పట్టుకోవడం రెండో పని. ఆ రెండో పని ఒక విదేశీ ముఠా గొంతు మీదికి వచ్చింది. ఫ్యాక్టరీల విషాన్ని ఓడలకెక్కించి నడిసముద్రంలో కుమ్మరించడమే వాళ్ల వ్యాపారం. సమీనా పనిచేసే గూఢచారి ఏజెన్సీ వాళ్లకు పెట్టిన కోడ్ నేమ్ 'తిమింగలం'.

నదులు బాగుంటేనే సముద్రం బాగుంటుందని క్యాంపెయిన్ చివరి లైవ్‌ను కొల్లాపూర్ దగ్గర కృష్ణా నది రేవులో పెట్టారు. చెత్త తీసే పడవను ఒక విదేశీ ఫౌండేషన్ దానమిచ్చింది. చందా మీటరు నిండగానే దానంతట అదే కదిలేలా ఆ పడవను చందా పేజీకి కలిపారు. ఆ ఫౌండేషన్ తిమింగలానికి ముసుగు. దుబాయ్‌లో ఓడల మీద ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి వచ్చిన యేసుబాబును ఆ పడవ కంట్రోల్ బాక్స్ బిగించడానికి పెట్టుకున్నారు. ఏం బిగించాడో ఆలస్యంగా తెలిసింది అతనికి. అందుకే ఏజెన్సీకి కబురు పంపాడు.

"యాక్టివిస్టులే నదిని చంపిన్రు అని లోకమంత లైవ్‌ల చూస్తది," అన్నాడు వెంకటన్న. "గా మీటరు నిండంగనే, వాళ్ల ప్రోగ్రామే ట్యాంకులు తెరుస్తది. ఇగ జన్మల ఎవడన్న సముద్రం కోసం రూపాయి ఇస్తడా?"

తాగునీటి పంపులు ఆపించానని అతను చెప్పాడు. కానీ కాలేజీ పిల్లలు నడుం లోతు నీళ్లలో దిగి ప్లాస్టిక్ ఏరుతున్నారు. వాళ్లను పైకి రప్పించాలంటే పోలీసులు కనపడాలి. పోలీసులు కనపడితే బాక్సు పక్కనే కూర్చున్న ఫౌండేషన్ మనిషి లూకాస్ వైరు పీకేస్తాడు. చందా పేజీ మూసేసినా లైన్ తెగుతుంది, ట్యాంకులు తెరుచుకుంటాయి. హైదరాబాద్ నుంచి కెమికల్ టీం బయలుదేరింది. లైవ్ ముగిసేలోపు చేరుకుంటుందన్న నమ్మకం లేదు.

"వర్ష ఉన్నది కద," అన్నాడు వెంకటన్న.

వర్ష వనపర్తి అమ్మాయి. క్యాంపెయిన్‌కు ముఖం ఆమే. సముద్రం గురించి ఆమె మాట్లాడితే లక్షల మంది చూస్తారు. ఆమె ఛానెల్‌ను పెంచింది తిమింగలం డబ్బే. ఆ సంగతి పట్టుకుని ఏజెన్సీ ఆమెను తనవైపు తిప్పుకుంది. అప్పటినుంచి రెండు వైపులా కబుర్లు మోస్తోంది.

సమీనా వేళ్లు మడిచి లెక్కేసింది. యేసుబాబు సంతకు వస్తున్నట్టు తెలిసింది ముగ్గురికే. తాను, వెంకటన్న, వర్ష.

ఆమె కొల్లాపూర్ రేవుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఈసారి వేషం చేనేత సొసైటీ తరఫున వచ్చిన మనిషిది. లైవ్‌కు ముందు వర్షకు కప్పి సన్మానించడానికి ఎర్ర అంచు గద్వాల చీర తెచ్చింది. ఆ జరీలో ఒక పోగు యాంటెన్నా, కొంగులో మైక్. సమీనా చెవి కమ్మలో రిసీవర్.

మేకప్ టెంట్‌లో అద్దం ముందు కూర్చున్న వర్ష ఆమెను చూసి నవ్వబోయింది. సమీనా రక్తం ఎండిన బుర్ఖాను ఆమె ఒళ్లో పెట్టింది.

"యేసుబాబుది," అంది.

వర్ష ముఖంలో రంగు తప్ప ఇంకేమీ మిగల్లేదు.  లూకాస్‌కు చెప్పింది తనేనని, బెదిరించి వదిలేస్తారనుకున్నానని గొణిగింది. పడవ నడిమధ్యలో ఆగిపోతుంది, క్యాంపెయిన్ నవ్వులపాలవుతుంది, అంతే అన్నారట. సమీనా ట్యాంకుల సంగతి చెప్పింది. బయట నీళ్లలో పిల్లల అరుపులు, నవ్వులు వినిపిస్తున్నాయి.

"నేనేం చెయ్యాలె?"

"చందా ఆగాలె."

"విషమని చెప్తే లూకాస్ వైరు పీకుతడు. ఇంకేం చెప్పి ఆపాలె? ఇయ్యమని నేనే ఇన్ని నెలలు అడిగిన."

సమీనా మడత విప్పి చీర ఆమె భుజాల మీద కప్పి బయటికి నడిచింది. ఈ పిల్ల స్టేజీ ఎక్కి ఏం చేస్తుందో, లూకాస్‌కు ఒక్క సైగ చేస్తే తన పనేమవుతుందో ఆమెకు తెలియదు. నమ్మడం తప్ప వేరే దారి లేదు. నమ్మి ఒక మనిషిని పొద్దునే పోగొట్టుకుంది.

రేవు చివర చేపలు పట్టే బాలమణి బుట్ట పడవ ఉంది, పుట్టి అంటారు దాన్ని. ఆమె ఏమీ అడగకముందే సమీనా గుర్తింపు కార్డు చూపించింది. బాలమణి కార్డు చూడలేదు, సమీనా ముఖం చూసింది. "ఎక్కు బిడ్డా," అంది. గుండ్రటి పుట్టి ఒడ్డు నీడలో తిరుగుతూ లూకాస్ ఉన్న పడవ వెనకవైపుకు జారింది.

లైవ్ మొదలైంది. ఒడ్డున కట్టిన పెద్ద తెర మీద మీటరు నీలి రంగులో నిండుతూ పోతోంది. చెన్నై నుంచి, ముంబై నుంచి, కోచి నుంచి క్రియేటర్లు ఒక్కొక్కరే తెర మీదికి వచ్చి ఇవ్వండి ఇవ్వండి అంటున్నారు. జనం ఇస్తున్నారు. గొంతుదాకా నిండింది మీటరు.

చెవి కమ్మలో వర్ష ఊపిరి వినిపించింది. తర్వాత మాట.

"ఇగ పైసలు పంపకున్రి. నేను దొంగను."

 ఆమె అదే మాట హిందీలో చెప్పింది. ఈ డబ్బు సముద్రానికి పోదని, తాను పరాయి దేశం వాళ్లకు అమ్ముడుపోయానని, పంపినవాళ్లు వెనక్కి తీసుకోవాలని చెప్పింది. పడవ మీద లూకాస్ మొదట తెల్లబోయాడు. తర్వాత పెదవి మీద నవ్వు కనిపించింది. క్యాంపెయిన్ ఇలా పాడైనా అతనికి లాభమే.

కానీ మీటరు ఆగలేదు. అది ప్రాంక్ అనుకున్నారు జనం. నవ్వే బొమ్మలు పెట్టి మరింత పంపారు. నీలి రంగు పైగీతకు వెంట్రుకవాసి దూరంలోకి వచ్చింది. పుట్టిలో సమీనా కళ్లు మూసుకుంది.

వర్ష గొంతు మారింది. ఏడుపు కాదు, నటన కాదు.

"పెబ్బేరు సంతల పొద్దుగాల ఒకాయన సచ్చిపోయిండు. పేరు యేసుబాబు. నేను చెప్పబట్టి చంపిన్రు. ఇది గా మనిషి రక్తం."

ఆమె బుర్ఖాను కెమెరా ముందు పట్టింది. మీటరు ఆగింది. ఒడ్డున ఎవరో చెప్పు విసిరారు, అది ఆమె చెంపకు తగిలింది. ఆమె కదల్లేదు. ఇంకో చెప్పు. నీళ్లలో ఉన్న పిల్లలు గొడవ చూద్దామని ఒడ్డెక్కసాగారు. తెర మీద నీలి రంగు మెల్లగా కిందికి దిగడం మొదలైంది. ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకుంటున్నారు.

లూకాస్ నవ్వు అక్కడ పోయింది. మీటరు ఇక నిండదని అతనికి అర్థమైంది. బాక్సు తలుపు తెరిచి వైరు పట్టుకున్నాడు.

సమీనా పడవ అంచు పట్టి పైకి ఎగిరింది. తుపాకీ పేలిస్తే బాక్సుకు తగులుతుంది. ఉత్త చేతులతోనే పడింది అతని మీద. అప్పటికే అతను లాగేశాడు. ప్లగ్గు సగం బయటికి వచ్చింది, పచ్చదీపం రెపరెపలాడింది. ఆమె అరచేతితో ప్లగ్గును లోపలికి అదిమి పట్టింది. దీపం నిలిచింది. చెయ్యి తీస్తే పోతుంది.

ఇక ఆమె కొట్లాడలేదు. కొట్లాడాలంటే చెయ్యి తియ్యాలి. అతను వీపు మీద తన్నాడు, జుట్టు పట్టి లాగాడు, కత్తి తీసి భుజంలో దింపాడు. ఆమె బాక్సును కౌగిలించుకుని ఉండిపోయింది. చెవిలో ఒడ్డున జనం తిట్లు, వాటి మధ్య వర్ష గొంతు. పంపకున్రి, పంపకున్రి అని అదే మాట.

కత్తి రెండోసారి లేచింది. దిగలేదు. వెనక నుంచి బాలమణి పుట్టి తెడ్డు అతని మెడ మీద పడింది. అతను నీళ్లలోకి ఒరిగాడు. ఆమె మళ్లీ తెడ్డు ఎత్తి, అతను పైకి తేలేదాకా చూస్తూ నిలబడింది.

కెమికల్ టీం వచ్చి లైనుకు బైపాస్ వేసి, సమీనా వేళ్లను ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. అవి వాటంతట అవి తెరుచుకోలేదు.

ట్యాంకులను క్రేన్లతో ఎత్తి తీసుకుపోయారు. నీళ్లలోంచి లాగిన లూకాస్ ఇచ్చిన పేర్లతో తిమింగలం ఓడలు రెండు రేవుల్లో పట్టుబడ్డాయి. వర్ష అరెస్టయింది. బెయిల్ అడగలేదు. యేసుబాబును వాళ్ల ఊరి చర్చి వెనక పూడ్చిపెట్టారు. మట్టి వేసిన వాళ్లలో దవాఖాన నుంచి భుజానికి కట్టుతో వచ్చిన ఒక పాల వ్యాపారి ఉంది. ఆమె ఎవరని అతని భార్య సరిత అడిగితే, బర్రెల బేరంలో పరిచయమని మాత్రం చెప్పగలిగింది. మంచోడు కదా అని సరిత అడిగింది. అవునంది సమీనా. ఆ రోజు ఆమె చెప్పిన మాటల్లో అబద్ధం కానిది అదొక్కటే.

నిజం బయటపడ్డాక క్రియేటర్లు క్యాంపెయిన్ మళ్లీ మొదలుపెట్టారు. కొల్లాపూర్ దవాఖానలో సమీనా మంచం పక్కన కూర్చుని వెంకటన్న ఆ కబురు చెప్పాడు. ఢిల్లీకి రిపోర్టు ఎట్లా రాయాలో అర్థం కావడం లేదన్నాడు.

"ఏముంది? జరిగింది రాయున్రి," అంది సమీనా.

"అదే పరేషాన్," అన్నాడు వెంకటన్న. "చందా ఎగ్గొట్టి దేశాన్ని కాపాడిన జనాన్ని నా నౌకరీల ఇదే మొదటిసారి చూసుడు. మెడల్ ఎవరికియ్యమని రాయాలె?"