మూడో నంబరు బిళ్ళ

కుందుర్పి దాటాక ఆటో మట్టిరోడ్డు పట్టింది. మధ్యాహ్నం మూడు కావస్తోంది. రెండు వైపులా దున్ని వదిలేసిన ఎర్రచేలు, మధ్యలో అక్కడక్కడ రాళ్ళ కుప్పలు. ఒళ్ళో లాప్‌టాప్ బ్యాగు పెట్టుకుని, శశికుమార్ ఫోనుకు పంపిన పనుల వరుసను మళ్ళీ చదువుకున్నాను. ఇంటరప్టులు చూడు. హాట్‌ప్లగ్ చూడు. లాగ్ తుడిచెయ్యి. సాయంత్రానికి రిపోర్టు పంపు.

నా పేరు జయంతి. అనంతపురంలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. మిషన్లను నడిపించే డ్రైవర్ కోడును, అది బయటికి పోకముందే పరీక్షించడం నా పని. శశికుమార్ మా టీముకు పెద్ద. కాలేజీలో నాకు రెండేళ్ళ సీనియర్. ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా అతనే. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. అతన్ని అన్నా అనే పిలిచేదాన్ని, మాటవరసకు కాదు. సంక్రాంతి తర్వాత మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు, "నువ్వు అమ్మ దగ్గరుండు, నీ పని నేను చూసుకుంటా" అన్నాడు. రోజూ సాయంత్రం ఆసుపత్రికి ఇడ్లీలు పట్టుకొచ్చేవాడు. ఒకరోజు మందుల షాపు దగ్గర నిలబడి, ఏదో ఫైలు తీయాలని నా పాస్‌వర్డ్ అడిగాడు. ఆలోచించకుండా చెప్పేశాను.

మేము తయారు చేసింది శెనక్కాయలు ఒలిచే మిషన్. దానికి తాళంచెవి లాంటి ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. లోపల ఉన్నంతసేపూ కాస్త వేడెక్కుతుంది. కరెంటు ఉండగానే దాన్ని పెట్టవచ్చు, తీయవచ్చు. హాట్‌ప్లగ్ అంటే అదే. బిళ్ళ పెడితే మోటారు తిరగాలి, తీస్తే ఆగాలి. పెట్టినప్పుడూ తీసినప్పుడూ లోపలి కంప్యూటరుకు ఒక పిలుపు పోతుంది. దాన్ని ఇంటరప్ట్ అంటాం. చేతిలో పని వదిలేసి ఇటు చూడు అని చెప్పే పిలుపు. వచ్చిన ప్రతి పిలుపూ తేదీతో సహా లాగ్ అనే చిట్టాలోకి ఎక్కుతుంది.

డిసెంబరులో ఆ కోడు చూసినప్పుడు నాకు ఒక తప్పు కనబడింది. బిళ్ళ తీసేశాక కూడా పాత ఇంటరప్టును డ్రైవర్ వదలడం లేదు. తీగలో కాస్త కుదుపు వచ్చినా, బిళ్ళ లోపలే ఉందనుకుని మోటారు వేసేస్తుంది. "ఇది సరిచేసేదాకా ఒక్క మిషన్ కూడా పంపొద్దు" అని రాశాను. నేను సెలవులో ఉన్నప్పుడు సరిచేసి పంపామని శశికుమార్ చెప్పాడు.

ఫిబ్రవరిలో, ఇప్పుడు నేను పోతున్న మిల్లులో ఆదెన్న అనే మెకానిక్ చచ్చిపోయాడు. కాయలు ఇరుక్కుంటే డ్రమ్ములో చెయ్యి పెట్టాడు. మిషన్ తిరిగింది. బిళ్ళ తీయకుండానే చెయ్యి పెట్టాడని కంపెనీ చెప్పింది. నేనూ అదే నమ్మాను.

మిల్లు గేటు దగ్గర ఒక పెద్దాయన తాళాల గుత్తి పట్టుకుని కూర్చున్నాడు. పేరు తిప్పన్న అట, కాపలా మనిషి.

"కంపెనీ నుంచి వచ్చినానన్నా. మిషన్ చూడాల."

"సూడమ్మా. ఆదెన్న పోయిన మర్నాడు వచ్చినాయన గూడా సూసే పోయినాడు."

"ఎవరు?"

"తెల్లకారాయన. శశికుమారంట."

నేను ఆగిపోయాను. ఇక్కడికి వచ్చినట్టు శశికుమార్ నాకు ఎప్పుడూ చెప్పలేదు.

తిప్పన్న షట్టరు సగం లేపాడు. లోపలికి మాత్రం రాలేదు. "నేను ఈడే ఉంటా. ఆడికి రాలేను. సచ్చిపోయినోడు మా తమ్ముడు" అన్నాడు.

లోపల ఒక్కసారిగా చీకటి. బయటి ఎండ కళ్ళల్లో ఇంకా తెల్లగా మెరుస్తోంది. కాసేపటికి మిషన్ ఆకారం తేలింది. నా కంటే ఎత్తు. పైన కాయలు పోసే తొట్టి, కింద ఇనుప డ్రమ్ము. ముక్కిపోయిన శెనగనూనె వాసన, దాని వెనకే కాలిన రబ్బరు వాసన. ఇంకో వాసన కూడా ఉంది. దాన్ని గుర్తుపట్టకూడదని ఊపిరి నోటితో పీల్చాను. నేలంతా పొట్టు. అడుగు వేస్తే కరకరమంటోంది. పైరేకులు ఎండకు టిక్కుటిక్కుమని సాగుతున్నాయి.

మోటారు వైర్లు ఎప్పుడో పీకేసి గోడ పక్కన చుట్టగా పెట్టారు. అది రెండుసార్లు చూసుకుని, కంట్రోలు డబ్బాకు మాత్రం కరెంటు ఇచ్చాను. లాప్‌టాప్ కలిపి, లోపలున్న కోడు తెరిచాను.

ఆ తప్పు అలాగే ఉంది. ఒక్క అక్షరం మారలేదు.

అడుగున, పరీక్షించిన వాళ్ళ పేరు రాసేచోట నా పేరుంది. 'జయంతి. లోపాలు లేవు.' తేదీ చూశాను. ఆ రోజు నేను ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాను. పక్కన శశికుమార్ ఉన్నాడు. నా చేతికి టీ గ్లాసు ఇచ్చి, పని ఉందని వెళ్ళిపోయాడు.

ఆ తేదీని మళ్ళీ మళ్ళీ చదివాను.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. తర్వాత అలవాటు కొద్దీ పరీక్ష మొదలుపెట్టాను. తెచ్చుకున్న బిళ్ళ పెట్టాను. 'వచ్చింది' అని తెర మీద ఒక వరస. తీశాను. 'పోయింది'. సరిగానే ఉంది.

'వచ్చింది.'

చేతిలోకి చూసుకున్నాను. బిళ్ళ నా అరచేతిలోనే ఉంది.

'పోయింది.'

'వచ్చింది.'

'పోయింది.'

దుమ్ము అనుకున్నాను. పిన్నులు వదులయి ఉంటాయనుకున్నాను. బిళ్ళ పెట్టే గూడును డబ్బాతో కలిపే తీగను పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టాను. ఇప్పుడు ఎవరూ పిలవడానికి లేదు. దారే లేదు.

'వచ్చింది.'

'పోయింది.'

ఎవరో బిళ్ళ తీసి, అనుమానంతో మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి చూసుకుంటున్నట్టు ఉంది. తీసినానా... తీసినాను గదా... అని.

ప్రతి బిళ్ళకూ ఒక నంబరు ఉంటుంది. వరస చివర అది కూడా పడుతుంది. నాది పదకొండు. తెర మీద ప్రతి వరసలోనూ మూడు.

షట్టరు దగ్గరికి నడిచాను. పరిగెత్తకూడదని నాకు నేను చెప్పుకుంటూ నడిచాను.

"అన్నా... ఇక్కడి బిళ్ళ నంబరెంత?"

"మూడు."

"అదిప్పుడు యాడ ఉండాది?"

తిప్పన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"వాడు తీసినాడమ్మా. నా కండ్లారా సూసినా. తీసి అంగీ జేబులో ఏసుకున్న్యాడు. ఆసుపత్రోళ్ళు గుడ్డలు మూటగట్టిస్తే జేబులోనే ఉండాది. మీ శశికుమారుకు సూపిచ్చినా. ఇటియ్యి, పరీక్ష సేస్తా అన్న్యాడు. నేను ఈలేదు. వాడు తీయనేలేదని మిల్లంతా తిరిగి సెప్పినాడు మళ్ళ."

"ఎక్కడుందన్నా అది?"

"ఎవురూ నమ్మకపాయె. ఇంగెవురికని దాయాల? వాని ఎదమింద పెట్టి పూడ్సినాం."

అప్పుడే ఫోను మోగింది. శశికుమార్.

"ఏం జయంతీ, అయిందా? లాగ్ తుడిచేసినావా?"

"అన్నా, ఆదెన్న బిళ్ళ తీసినాడని నీకు తెలుసా?"

అవతల తలుపు మూసిన చప్పుడు వినబడింది.

"జేబులో ఉండిన బిళ్ళను నువ్వు చూసినావు. చూసి కూడా..."

"జయంతీ, నిదానంగా విను." గొంతు మెత్తగా ఉంది. ఆసుపత్రిలో మాట్లాడినంత మెత్తగా. "సంతకం నీ పేరు మీద ఉండాది. లాగ్ బయటికొస్తే మొదట పోయేది నువ్వే. తుడిచేసి ఇంటికి రా. అమ్మను చూసుకోవాల గదా."

మళ్ళీ లోపలికి నడిచాను. లాప్‌టాప్ దగ్గరికి. లాగ్ మొత్తం నా పెన్‌డ్రైవులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఫోను చెవి దగ్గరే ఉంది.

గర్ర్... మని ఏదో కదిలింది.

డ్రమ్ము.

చాలా నెమ్మదిగా... ఒక పావు చుట్టు తిరిగి ఆగింది. పొట్టు కొంచెం జలజలా రాలింది.

"ఏం చప్పుడది?" శశికుమార్ గొంతు మారిపోయింది. "మిషన్ ఎవరు వేసినారు?"

"మోటారుకు వైర్లు లేవన్నా."

మళ్ళీ గర్ర్... ఇంకో పావు చుట్టు. తొట్టి లోపలి నుంచి, పొట్టులో నుంచి, ఊపిరి అందనట్టు ఒక గుసగుస.

"తీసే... ఉండా..."

నేను కదల్లేదు. కదిలితే అది ఇటు చూస్తుందనిపించింది. తెర మీద వరసలు ఆగాయి. ఎక్కించడం అయిపోయింది.

"జయంతీ." ఇప్పుడు శశికుమార్ కూడా గుసగుసగానే అడిగాడు. "నీ పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి ఇదెవరు... నా పేరు పెట్టి..."

లైను తెగిపోయింది.

పెన్‌డ్రైవు లాక్కుని బయటికి వచ్చాను. లాప్‌టాప్ అక్కడే వదిలేశాను. తిప్పన్న ఏమీ అడగలేదు. షట్టరు దించి తాళం వేసి, నాకు చెంబుతో నీళ్ళిచ్చాడు. సగం మీద పోసుకున్నాను.

మరుసటి రోజు లాగ్‌నూ, డిసెంబరులో నేను రాసిన హెచ్చరికనూ కార్మిక శాఖ ఆఫీసులో ఇచ్చాను. నా పాస్‌వర్డ్ నేనే చెప్పానని కూడా రాసిచ్చాను. ఉద్యోగం పోయింది. కేసులో నా పేరూ ఉంది. శశికుమార్ మాత్రం ఆ మధ్యాహ్నం తర్వాత ఆఫీసుకు రాలేదట. ఇంట్లో ఒక గదిలోనే ఉంటున్నాడనీ, ఎవరు పిలిచినా పలకడం లేదనీ అతని భార్య నాతో చెప్పి ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, "ఆ పిల్లోడు రాలేదేమే?" అని. ఏం చెప్పాలో తెలియక గిన్నెలు కడగడానికి పోతాను.

పోయిన వారం అధికారులు సాక్ష్యం కోసం ఆదెన్న సమాధి తవ్వించారు. నేను వెళ్ళలేదు. ఆ పొద్దున్నే తిప్పన్న ఫోను చేశాడు.

"బిళ్ళ దొరికిందమ్మా. మూడో నంబరే."

"మంచిదన్నా. ఇంక వాళ్ళు నమ్మక తప్పదు."

"నమ్మినారు." ఫోను పట్టుకుని పక్కకు నడిచినట్టున్నాడు. "ఒగ మాట అడగాల. మిషన్లోంచి తీసినాక, ఆ బిళ్ళ ఎంతసేపు వేడిగా ఉంటాది?"

"రెండు నిమిషాలు. అంతకంటే ఉండదు. ఎందుకన్నా?"

"ఆఫీసరు పట్టుకోని సటుక్కున ఇడిసేసినాడమ్మా. ఏలు బొబ్బెక్కింది."