రైన్‌హోల్ట్ పక్క చోటు

నెబ్రాస్కా గడ్డిమైదానంలో ఆ లూథరన్ చర్చి కట్టిన జర్మన్లు మహా మొండివాళ్లు. మట్టిపెళ్లలతో తొలి గోడలు లేపిన నాడే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. సమాధుల దొడ్డిలో కుటుంబానికో మూల అంటూ ఉండదు. ఎవరు ముందు పోతే వాళ్లకు వరసలో తర్వాతి చోటు. చలికాలం నేల రాయిలా బిగుసుకుపోతుంది కనక, ముందే ఒక గుంట తవ్వి చెక్కలు కప్పి ఉంచేవారు.

ఆ ఏడాది గుంట ఎవరికో ఊరందరికీ తెలుసు. రైన్‌హోల్ట్‌ని పాతిపెట్టిన వారానికి అతని పక్కనే తవ్వారు. అతని భార్య ఒట్టిలీకి గుండెజబ్బు. వసంతం చూడదని డాక్టరు తేల్చేశాడు. ఆమెకు చావంటే దిగుల్లేదు. జీవితమంతా కాపురం చేసిన మనిషి పక్కన పడుకుంటే చాలు. బెంగల్లా, ఆ చోటు ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనని!

"ఇంకెవరు పోతారక్కా? అందరం గుండ్రాళ్లలా ఉన్నాం," అని నవ్వేది పక్క పొలం ఆల్వినా. మొగుడు పోయిన మనిషి. రోజూ వచ్చి ఒట్టిలీకి సూపు కాచిపెట్టేది. తోడబుట్టినదానికన్నా ఎక్కువనుకుంది ఒట్టిలీ, పిచ్చి మొహం.

క్రిస్మస్ ముందటి ఓ ఆదివారం, ప్రార్థన అయ్యాక, పొద్దువాలుతుండగా ఒట్టిలీ ఒక్కతే ఆ గుంట దగ్గరికి వెళ్లింది. గాలి లేదు. చర్చి పొయ్యి పొగ వాసన. దాంతోబాటు తడిమట్టి వాసన... ఇంత గడ్డకట్టిన నేలలో తడిమట్టి ఎక్కడిది?

చెక్కల కింద ఏదో గీరుతోంది.

ఆగింది... మళ్లీ.

తర్వాత గొంతు. రైన్‌హోల్ట్‌దే.

"తొందరగా రావే ఆల్వినా... అది రాకముందే."

ఒట్టిలీకి భయం తర్వాత, ముందు ఒళ్లు మండిపోయింది. అదిట! ఇన్నేళ్లు వండి వడ్డించిన పెళ్లాం, 'అది'!

రొప్పుకుంటూ ఆల్వినా ఇంటికి పోయింది. ఆల్వినా నల్ల పట్టుబట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, కుర్చీలో కూర్చుని ఉంది.

"నువ్వూ విన్నావా అక్కా?" అంది గుసగుసగా.

"ఎన్నాళ్ల నుంచే, మీ ఇద్దరికీ?"

"మా ఆయన చచ్చిపోయిన ఏడు నుంచి... ఇప్పుడు మీ ఆయన మట్టిలోంచి రోజూ పిలుస్తున్నాడక్కా. ఇక ఆగలేను."

"వెళ్లకే. నీకు దణ్ణం పెడతా. ఆ చోటు నాది."

ఆల్వినా పట్టుబట్టల ముడతలు సర్దుకుంది. తెల్లారేసరికి ఆ కుర్చీలోనే చచ్చిపోయి ఉంది. ఒంటిమీద గాయం లేదు, ఇంట్లో విషం జాడా లేదు.

కట్టుబాటు కట్టుబాటే. ఒట్టిలీ ఎంత ఏడ్చినా చర్చి పెద్ద ఫెల్ట్‌మన్ వినలేదు. చెక్కలు తీశారు. రైన్‌హోల్ట్ వైపు గోడకు, అడుగున, చెయ్యి దూరేంత కన్నం ఉంది. గునపం దిగని నేల అది.

"ఎలకలై ఉంటాయి," అని ఫెల్ట్‌మన్ మొహం తిప్పుకున్నాడు.

పెట్టె దించారు. తలా పిడికెడు మట్టి వేస్తున్నారు. ఒట్టిలీ మాత్రం ఫెల్ట్‌మన్ చేతిలోని పొడుగు పార లాక్కుని, గట్టు మీద బోర్లా పడుకుని, మట్టిగడ్డనొకదాన్ని ఆ కన్నంలో కుక్కింది.

"చచ్చాక కూడానా, ద్రోహీ..."



ఆ గడ్డ కదిలింది... లోపలి నుంచి ఎవరో దాన్ని మెల్లగా, ఓపిగ్గా, బయటికి తోసేశారు.